బండి మలుపు తిరిగేదాకా

మా కోటి ఏడుపు మొదలుపెడితే నేను దాని కళ్ల వంక చూడను, పెదాల వంక చూస్తాను. కళ్లలోకి నీళ్లు అందరి పిల్లలకీ వస్తాయి. మా పిల్లకి పెదాల మీదికి నీలం వస్తుంది. ముందు ఒక కేక పెడుతుంది. ఆ తర్వాత టక్కున నోరు మూసుకుంటుంది. బుగ్గలు బిగుసుకుంటాయి. నేను లోపల లెక్కపెట్టుకుంటూ ఉంటాను. పన్నెండుకి పెదాలు రంగు మారతాయి. ఇరవైకి మెడ వాలిపోతుంది. ఇరవై ఆరుకో ఏడుకో తనంతట తనే ఊపిరి అందుకుని మళ్లీ ఏడుస్తుంది. ఆ రెండో ఏడుపంత కమ్మని సంగీతం నేనీ భూమ్మీద వినలేదు. ముప్పైకి ఎప్పుడూ చేరలేదు. ముప్పై తర్వాత ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

కోటప్పకొండ చుట్టుపక్కల పుట్టినవాళ్లం కాబట్టి స్కూల్లో కోటేశ్వరి, ఇంట్లో కోటి. నాకు నలభై మూడేళ్లప్పుడు పుట్టింది. నాకున్నది ఆ ఒక్క కోటే. మిగతా నా ఆస్తంతా దాని వెనకాల ఉండాల్సిన సున్నాలు.

నా పేరు దానయ్య. నేను నరసరావుపేట ఊరికి దానం చేసింది చెవిపోటు ఒక్కటే. ప్రచార ఆటో నాది. నెత్తిన రెండు గొట్టం స్పీకర్లు, లోపల ఆంప్లిఫయరు, ముందు సీట్లో నేను. ఊరికి మైకు, నాకు మైకం. మైకు పట్టుకుంటే పగ్గాలుండవు. చీరల షాపు ఆషాఢం తగ్గింపు, తప్పిపోయిన గేదె, కొత్తగా పెట్టిన పళ్ల ఆసుపత్రి, అన్నిటికీ నేనే. పళ్ల డాక్టరు గారి గురించి "పల్నాటి పళ్లకి పంటి పండగ" అని నేను చాటితే ఆయన నన్ను పిలిచి నాలుగు పళ్లు ఉచితంగా కడిగాడు.

నా దగ్గర రెండు గొంతులున్నాయి. మొదటిది అమ్మకం గొంతు. దానికి ఆంప్లిఫయరు అవసరం లేదు, గౌరవం కోసం పెట్టుకున్నాను. రెండోది చింత గొంతు. ఊళ్లో ఎవరన్నా పోతే వాళ్ల ఫొటో ఫ్లెక్సీ ఆటో ముందు కట్టుకుని, మనిషి నడకంత నెమ్మదిగా బండి తోలుతూ, ఫలానా వారు ఈ ఉదయం స్వర్గస్థులైనారని తెలియజేయుటకు మిక్కిలి చింతిస్తున్నామని వీధి వీధికీ చెబుతాను. ఆ గొంతు మెత్తగా, కిందికి దిగి పలుకుతుంది. మాటకీ మాటకీ మధ్య చాపేసుకుని పడుకునేంత జాగా ఉంటుంది. "నువ్వు చింతిస్తున్నామంటే మాకు తెలియకుండానే కళ్లలో నీళ్లొచ్చినయ్యి దానయ్యా" అని చానామంది అన్నారు. చింత నాకు కాపుకొచ్చిన పంట. కాసినన్నాళ్లూ పులుపు తెలియలేదు.

మా అమ్మ మాఘమాసంలో పోయింది. ఆ చాటింపు కూడా నేనే వేశాను. ఊళ్లో ఇంకో మైకు బండి ఉంది గాని, వాడు మిక్కిలిని మిక్సీ అంటాడు. మా అమ్మని మిక్సీలో వేయించడం నాకిష్టం లేకపోయింది.

ఆ నెలలోనే కోటికి ఇది పట్టుకుంది.

పిల్లల డాక్టరు గారు గుండె చూశారు, రక్తం చూశారు, టానిక్కు రాశారు. "ఇది కొంతమంది పిల్లల్లో ఉండేదే. ప్రాణానికేం కాదు. వయసుతో పోతుంది. ఏడుపు మొదలవగానే మీరు కంగారుపడి అరవకండి. మెత్తగా, నెమ్మదిగా మాట్లాడండి" అన్నారు. నేను కంగారుపడకుండా ఇంటికొచ్చి, ఆ రోజు నుంచీ మెత్తగానే మాట్లాడాను. ఉన్నవి రెండు గొంతులు. గట్టిది కూడదన్నారు. ఇక మిగిలింది ఒకటే. కోటి ఏడ్చినప్పుడల్లా పక్కన కూర్చుని "కోటీ... నెమ్మదిగా... ఊపిరి తీసుకో తల్లీ..." అనేవాణ్ణి. తగ్గలేదు. పదిహేను రోజులకోసారి వచ్చేది వారానికోసారయింది. వారానికోసారిది రోజు మార్చి రోజయింది.

మా ఆవిడ నాగవేణి జాకెట్లు కుడుతుంది. కుట్టు మిషను మీద నుంచి తల ఎత్తకుండా ఒకరోజు అంది: "నువ్వు ఇంట్లో లేనప్పుడు దానికి ఒక్కసారి కూడా రాలేదయ్యా."

"అయితే నన్ను ఆటో స్టాండులోనే కాపురం పెట్టమంటావా ఏంది?"

"నేను నవ్వుకోటానికి చెప్పలా."

"నేనూ నవ్వించటానికి చెప్పలా. నోరు ఊరుకోక అన్నా."

నిజం చెప్పాలంటే భయమేసినప్పుడు నా నోట్లోంచి జోకులొస్తాయి. కొందరికి చెమటలొస్తాయి చూడండి, అలాగ. ఆ నాలుగు నెలలూ నేను వేసినన్ని జోకులు జన్మలో వేయలేదు.

స్కూల్లో కూడా రెండుసార్లు అయింది. రెండోసారి ఎల్‌కేజీ మిస్సమ్మే స్పృహ తప్పింది. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, మంచినీళ్లిచ్చి మరీ చెప్పారు: "జూన్ పన్నెండుకి స్కూలు తెరుస్తాం. ఈలోపు తగ్గించుకుని తీసుకురండి. తగ్గకపోతే తీసుకురావద్దు. మా టీచర్లవి కూడా ప్రాణాలే కదండీ." నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయన పెదాలు కూడా కొంచెం నీలంగానే ఉన్నాయి.

మా పక్కిల్లు అల్తాఫ్ భాయ్‌ది. ముందు టైర్ల షాపు, వెనకాల ఇల్లు. ఆయన రెండో కూతురు జెబా బీటెక్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేసేది. ఆ ఉద్యోగం పోయి ఏప్రిల్లో ఇంటికొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ చెవుల్లో రెండు తెల్ల బుడిపెలు పెట్టుకుని లాప్‌టాప్ ముందే కూర్చుంటోంది. మే నెలాఖరులో ఒక పొద్దున గోడ మీద నుంచి పిలిచింది.

"బాబాయ్, నీతో పనిబడింది. చిన్నపిల్లలు వాళ్ల ఎమోషన్స్ వాళ్లే చూసుకునేటట్టు ఒక యాప్ డిజైన్ చేస్తన్నా."

"ఏ మోషనమ్మా? అదైతే ఇంట్లో ఓఆర్ఎస్ పొడి ఉంది."

"అబ్బా బాబాయ్! కోపం, ఏడుపు, భయం... అయ్యి."

భయం అనగానే నా జోకుల సంచీ మూతిబిగిసింది. గోడ దూకి వెళ్లాను. టాబ్‌లో అయిదు మొహాలు చూపించింది. ఒకటి నవ్వు, ఒకటి కోపం, ఒకటి ఏడుపు, ఒకటి భయం. అయిదోదానికి కళ్లు మాత్రమే ఉన్నాయి, నోరు లేదు. అది 'ఏమో' మొహమట. తనకేమవుతుందో తనకే తెలియని పిల్లలు అది నొక్కాలి. మొహం నొక్కగానే తెర మీద బెలూన్ వస్తుంది. ఒక గొంతు "ముక్కుతో పీల్చు, నోటితో వదులు" అంటుంది. పీలిస్తే బెలూన్ ఉబ్బుతుంది, వదిలితే తగ్గుతుంది. పిల్ల 'బాగుంది' అని పచ్చ గుండ్రం నొక్కేదాకా అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

ముందు ఏదో మిషను గొంతు పెట్టిందట. అది "దయచేసి మీ శ్వాసను స్వీకరించండి" అన్నది. జెబా అక్క కొడుకు ముజాహిద్ ఏడేళ్లవాడు. వేసవి సెలవులకి వచ్చి ఉన్నాడు. "ఎవర్ని స్వీకరించమంటంది పిన్నీ?" అని అడిగాడట. దాంతో జెబా తన గొంతే పెట్టింది. మా కోటి ఆ గొంతుకి బెలూన్‌తో పాటు చక్కగా పీల్చి వదిలింది. నా కళ్లతో చూశాను. అక్కడే ఒక లారీ టైరు మీద కూర్చుండిపోయాను.

"ఇంకేంది మరి? ఇదే ఉంచు!"

"ఉంచకూడదంట బాబాయ్. హైదరాబాదులో ఒక సంస్థోళ్లు చూస్తన్నారు. నచ్చితే అంగన్‌వాడీలకి ఇప్పిస్తారు. ఆ పిల్లల ఊరి యాసలో, పెద్దమనిషి గొంతుండాలన్నారు. మన వీధిలో గొంతంటే నువ్వేగా. ఎంతియ్యమంటావు?"

"ఏం ఇయ్యొద్దు. పన్నెండో తారీఖు లోపల ముగించు, చాలు." టైరు మీద నుంచి లేచాను. "జెబా, యాప్ అంటే నా బుర్రకి ఆపేది అనే వినపడతంది తల్లీ. దాని ఊపిరాడకపోవటాన్ని ఆపు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లెందుకు, మైకు పట్టుకో" అంది జెబా. నా దగ్గర్నే నేర్చుకుంది, ఇలాంటివి.

రికార్డింగు టైర్ల గోడౌన్‌లో పెట్టింది. చుట్టూ రబ్బరు ఉంటే శబ్దం తిరగదట. పంతొమ్మిది టేకులు తీసుకున్నాం. అంత టేకుతో డబుల్ కాట్ మంచం చేయించొచ్చు. ప్రతిసారీ జెబా లాప్‌టాప్‌లో గొంతు ఎంత గట్టిగా ఉందో చూపించే గీత ఎర్రగా మారేది.

"బాబాయ్, పిల్లకి చెప్తన్నావా, పిడుగురాళ్ల దాకా చెప్తన్నావా?"

"ముక్కుతో పీల్చమన్నావుగా, అదేగా చెప్పింది!"

"నువ్వు చెప్తుంటే ముక్కు కొనుక్కోమన్నట్టుంది. మెత్తగా బాబాయ్. తొందరేం లేనట్టు. ఎక్కడికీ పోయే పన్లేనట్టు."

కళ్లు మూసుకున్నాను. మెత్తగా, తొందర లేనట్టు అంటే నా ఒంటికి తెలిసింది ఒకటే. గొంతు తనంతట తనే కిందికి దిగింది. "ముక్కుతో... నెమ్మదిగా... పీల్చు తల్లీ..."

కళ్లు తెరిచేసరికి జెబా చెవుల్లోంచి బుడిపెలు తీసి నా వంక చూస్తోంది. "ఇదే బాబాయ్! ఇంత మంచి గొంతు పెట్టుకుని ఊరి మీద పడి అరుస్తావేంది?" ఏప్రిల్ నుంచీ నా బండి ఆ వీధిలో ఎన్నిసార్లు ఆ గొంతుతో దాటిందో! బుడిపెలున్న చెవులకి వినపడలేదు. అది చింత గొంతని నాకు తెలుసుగా, నేను చెప్పొచ్చుగా. చెప్పడానికి అందులో ఏముందనిపించింది. మెత్తగా ఉంది, పనికొచ్చింది. హైదరాబాదు వాళ్లక్కూడా చానా నచ్చిందట. ఒకావిడ విని ఏడ్చిందట.

జూన్ ఎనిమిది, పొద్దున పది గంటలు. అల్తాఫ్ భాయ్ ఇంటి వరండాలో చాప పరిచి పిల్లల్ని కూర్చోబెట్టాం. కోటి, ముజాహిద్, వీధిలో ఇంకో ఇద్దరు ఆడపిల్లలు. బీటా టెస్టింగ్ అంది జెబా. బీటలు ఎక్కడున్నాయో చూసేదన్నమాట అనుకున్నాను. కోటి ఎప్పటిలా నోరులేని 'ఏమో' మొహాన్ని నొక్కింది. బెలూన్ వచ్చింది. నా గొంతు వచ్చింది.

"ముక్కుతో... నెమ్మదిగా..."

నలుగురు పిల్లలూ ఒక్కసారిగా ముక్కులు పట్టుకున్నారు. నోళ్లు మూసి బుగ్గలు పూరించారు. నాలుగు పూరీలు పొంగినట్టు పొంగారు. ఎవరూ పీల్చలేదు, ఎవరూ వదల్లేదు. తెర మీద బెలూన్ ఒక్కటే పాపం ఉబ్బుతోంది, తగ్గుతోంది. జెబాకి నవ్వొచ్చింది. నాక్కూడా.

బుగ్గలు అలా పూరించుకున్న పిల్లల్ని నేను ఎరుగుదును. నా చింత బండి వెళ్లే ప్రతి వీధిలో అరుగుల మీద అలాగే కనపడతారు. నేను మైకులో ఊదే తీరుని వెక్కిరిస్తున్నారనుకుని మురిసిపోయేవాణ్ణి. వాళ్లు నన్ను బాగా చూడాలని బండి ఇంకా నెమ్మది చేసేవాణ్ణి.

కాసేపటికి ఒక పిల్ల వీధి వంక తొంగిచూసి "బండి లేదుగా!" అని ఊపిరి వదిలి నవ్వింది. ఆ వెనకే రెండో పిల్ల, ముజాహిద్ కూడా వదిలేశారు. కోటి వదల్లేదు. నా గొంతు "మళ్లీ... నెమ్మదిగా..." అంటోంది. పచ్చ గుండ్రం నొక్కేదాకా అది అంటూనే ఉంటుంది. కోటి చెయ్యి ముక్కు మీదే ఉంది. ఏడు, ఎనిమిది. జెబా నవ్వు ఆపి టాబ్ లాక్కుని ఆపేసింది. పన్నెండు. పెదాలు మారాయి.

నేను మోకాళ్ల మీద దాని ముందు కూలబడ్డాను. అరవకూడదు. కంగారుపడకూడదు. "కోటీ... ఊపిరి తీసుకో తల్లీ... నెమ్మదిగా..."

కోటి నన్ను చూసింది. ఆ చూపు మీకు చెప్పలేను. అయిదేళ్ల పిల్ల కన్నతండ్రిని చూసే చూపు కాదది. రెండో చెయ్యి కూడా తెచ్చి నోటి మీద అదిమిపెట్టింది. పదిహేను. పదహారు. అదిమిన కొద్దీ నేను ఇంకా మెత్తగా అంటున్నాను, మెత్తగా అన్న కొద్దీ అది ఇంకా అదుముతోంది.

"మైకు తాతా, నువ్వు పో!" ముజాహిద్ నా చొక్కా పట్టుకుని గుంజుతున్నాడు. "నువ్వు మాట్లాడబాక! నువ్వు మలుపు తిరగాల! నువ్వు ఈడుంటే అది వదలదు!"

"ఒరేయ్, ఏందిరా?" అంది జెబా.

"బండి మలుపు తిరిగేదాకా వదలగూడదు పిన్నీ! అదే రూలు! తాతే బండి ఇప్పుడు! పో తాతా!"

నాకేమీ అర్థం కాలేదు. కానీ కోటి కళ్లు వాడి మాటకి అవునన్నాయి. పద్ధెనిమిది. నీలం తిరిగిన బిడ్డని వదిలేసి లేచాను. పరిగెత్తాను.

మా వీధి మలుపు దగ్గర మినరల్ వాటర్ ప్లాంటు ఉంది. ఆ గోడ దాటి నిలబడి వీధికి వీపు పెట్టుకున్నాను. తొంగి చూస్తే బండి తిరిగినట్టు కాదేమో! అందుకని చూడలేదు. ప్లాంటు మోటారు గుర్రుమంటోంది. ఊరంతటికీ వినపడేట్టు బతికినవాణ్ణి, నాకు ఒక్క ముక్క వినపడటంలేదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది. ముప్పై. లెక్క ఆపుదామనుకున్నాను. ఆగలేదు. ముప్పై మూడు. ఎవరో నీళ్ల డబ్బా పట్టుకుని "ఏం దానయ్యా, ఇవాళ ఎవరు?" అని అడిగాడు. చింత ముఖం చూసి ఎవరో పోయారనుకున్నాడు. ముప్పై అయిదు.

నాగవేణి చేతిలో కత్తెరతో పరిగెత్తుకొచ్చింది. "పిల్ల ఆడుంటే నువ్విక్కడ నిలబడ్డావేందయ్యా! నీకేమన్నా పట్టిందా!"

"నువ్వు పో. నేను రాకూడదు. నేను రాకూడదే. పో!"

నలభై ఒకటి దగ్గర జెబా గేటు బయటికొచ్చి నాకు చెయ్యి ఊపుతోందని ఆ డబ్బా ఆయన చెప్పాడు. అప్పుడు తిరిగి చూశాను. జెబా నవ్వుతూ ఏడుస్తోంది. వాటర్ క్యాన్ల మధ్య కూర్చున్నాను.

తర్వాత పిలిస్తేనే వెళ్లాను. కోటి వాళ్లమ్మ ఒళ్లో ఉంది. వెక్కుతోంది, అంటే ఊపిరాడుతోంది. ముజాహిద్ రూలంతా చెప్పాడు. చింత బండి వినపడగానే ఊపిరి బిగబట్టాలి. మలుపు తిరిగేదాకా వదలకూడదు. వదిలినవాళ్ల ఇంట్లో తర్వాత ఎవరో ఒకరు పోతారు.

"ఈ రూలు ఎవడు పెట్టాడ్రా?" ఎంత మెత్తగా అడగాలో తెలియక గట్టిగానే అరిచాను. కోటి ఉలిక్కిపడలేదు. మామూలుగా నా వంక చూసింది.

"ఎవరూ పెట్టలా తాతా. అందరికీ తెలుసు. నీకే తెలీదు, నువ్వు బండిలో ఉంటావుగా."

కోటి ముక్కు తుడుచుకుని తానే చెప్పింది. "పాల కేంద్రం శివాజీ మామోళ్ల నాన్న పోయి బండి వచ్చినప్పుడు నాకు దగ్గొచ్చింది నాన్నా. వదిలేశా. అప్పుడు నాయనమ్మ పోయింది."

నాగవేణి చేతిలో కత్తెర కింద పడింది.

"నువ్వు ఇంట్లో కూడా బండి మాట మాట్లాడతావు" అంది కోటి. "నేను ఏడ్చినప్పుడల్లా. అమ్మ పేరు చెప్తావేమోనని."

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ క్షణంలో కూడా నా బుర్రలో ఏదో జోకు మెదిలింది. మెదిలి, దాని మానాన అదే చచ్చింది. నాలుగు నెలలు. ఆ పిల్ల ఏడ్చిన ప్రతిసారీ పక్కన కూర్చుని, మెత్తగా, నెమ్మదిగా, వాళ్లమ్మ చావు చాటబోతున్నట్టు మాట్లాడింది నేను. స్కూల్లో వచ్చిన ఆ రెండు రోజులు కూడా గుర్తొచ్చాయి. ఒకటి రైస్ మిల్లు ఆయన పోయిన రోజు, రెండోది ఆయుర్వేదం షాపు ముసలమ్మ పోయిన రోజు. రెండుసార్లూ స్కూలు రోడ్డులోనే నేను బండి నెమ్మదిగా తోలుకుంటూ వెళ్లాను.

"అట్టాంటిదేం లేదే పిచ్చిదానా. నాయనమ్మ ముసల్దయి పోయింది" అంది నాగవేణి. కోటి వాళ్లమ్మని జాలిగా చూసింది. రూలు తెలియని పెద్దవాళ్లని పిల్లలు ఎలా చూస్తారో అలాగ.

జెబా టాబ్ ఒళ్లో పెట్టుకుని నా గొంతుని ఒక్కో ముక్కా తీసేస్తోంది. "దీనికి నోరు పెట్టా బాబాయ్, చెవి పెట్టలా" అంది. సాయంత్రానికి 'ఏమో' మొహం కింద బెలూన్ తీసేసి ఒక చిన్న మైకు బొమ్మ పెట్టింది. దాన్ని నొక్కితే యాప్ ఏమీ చెప్పదు. "ఏం జరిగిద్దని భయం?" అని ఒక్క మాట అడిగి, ఊరుకుని వింటుంది. పిల్ల చెప్పింది దాచి, ఇంట్లో వాళ్లకి వినిపిస్తుంది. హైదరాబాదు వాళ్లు ఒప్పుకుంటారో లేదో తెలియదంది. "ఒప్పుకోకపోతే పోయారు. ముందు మన వీధికి ఉంటదిగా" అంది.

అదంతా బాగానే ఉంది. మరి నా కోటి? భయం ఏమిటో తెలిసింది. తెలిసినంత మాత్రాన పోలేదు. తొమ్మిదో తారీఖున నేను ఇంట్లో గట్టిగానే మాట్లాడాను, కోటికి రాలేదు. పదిన ఎక్కడో దూరంగా మిక్సీగాడి చింత బండి వినపడింది. పళ్లెం ముందు కూర్చున్న పిల్ల అన్నం నోట్లో పెట్టుకునే బిగబట్టింది. మలుపు ఎక్కడో కనపడని బండి. ఎప్పుడు తిరిగిందని చెప్పను? ఇరవై రెండుకి మెడ వాలింది. అన్నం గొంతుకడ్డం పడకుండా నాగవేణి నోట్లో వేలు పెట్టి తీసింది.

పదకొండున పొద్దున్నే ఒక కుటుంబం వాళ్లు వచ్చారు. దాచేపల్లి సిమెంటు లారీలు ముప్పై ఏళ్లు తోలిన పెద్దాయన పోయాడట. చాటింపు కావాలి. వద్దనబోయాను. నేను వద్దంటే మిక్సీగాడు వస్తాడు, అదే వీధిలో తిరుగుతాడు. ఊళ్లో చావు ఆపడం నా చేతిలో లేదు. మర్నాడు స్కూలు.

కోటి దగ్గరికి వెళ్లాను. ఏ గొంతుతో అడగాలి? గట్టిది రాలేదు, మెత్తటిదాన్ని రానివ్వలేదు. మధ్యలో నాకే తెలియని గొంతొకటి, బొంగురుగా, పగిలి వచ్చింది. "కోటీ, బండిలో నా పక్కన కూర్చుంటావా?"

"బండిలో కూర్చున్నోళ్లు ఊపిరి వదలొచ్చా?"

"నేను రోజూ వదుల్తానుగా. వదలకపోతే మాట ఎట్టా వచ్చిద్ది?"

ఈ సంగతి దానికి ఎప్పుడూ తట్టలేదు. నా పొట్ట వంక చూసింది. "చూపియ్యి."

"దాన్ని చంపుతావా ఏంది?" అంది నాగవేణి. నాకూ తెలియదు.

పదిన్నరకి బండి మా వీధిలోకి తిప్పాను. ముందు పెద్దాయన ఫొటో, పక్కన కోటి. కోటి కుడి చెయ్యి నా పొట్ట మీద ఆనించి ఉంది. అరుగుల మీద పిల్లలు అప్పుడే ముక్కులు పట్టుకున్నారు. ముజాహిద్ మాత్రం పట్టుకోకుండా కోటి వంకే చూస్తున్నాడు. నాగవేణి గుమ్మంలో నిలబడింది. గుమ్మాన్ని రెండు చేతులా పట్టుకుంది.

మైకు నోటి దగ్గర పెట్టుకుని, ముందు ఊపిరి పీల్చాను. ఆ పీల్చిన శబ్దం రెండు గొట్టాల్లోంచీ వీధంతా వినపడింది. "నరసరావుపేట వాస్తవ్యులు..." కోటి నోరు మూసుకుంది. నేను మళ్లీ పీల్చాను, వదిలాను, తర్వాత పెద్దాయన పేరు చెప్పాను. మైకు ముందు చావు కబురు, మైకు వెనక లెక్క. ఏడు. ఎనిమిది. నా పొట్ట లోపలికి వెళ్లింది, బయటికొచ్చింది. దాని చెయ్యి కూడా వెళ్లింది, వచ్చింది. "...ఈ ఉదయం..." పది. పదకొండు. పెదాల వంక చూశాను. చూస్తే మాట తడబడింది. చూడకుండా ఉండలేకపోయాను.

పన్నెండుకి కోటి ముక్కులోంచి కాస్త వదిలింది. దొంగతనం చేసినట్టు, ఎవరికీ వినపడకుండా, ఇంత. వదిలిన మరుక్షణం తల వెనక్కి తిప్పి వాళ్లమ్మని చూసింది. రెప్ప వెయ్యలేదు.

నాగవేణి నిలబడే ఉంది.

కోటి కొంచెం పీల్చింది. మళ్లీ వదిలింది. మళ్లీ చూసింది. నేను "మిక్కిలి చింతిస్తున్నాము" అన్నాను. బండి వాటర్ ప్లాంటు దగ్గరికొచ్చింది. హ్యాండిల్ తిప్పబోయాను.

"తిప్పొద్దు నాన్నా!" నా చొక్కా పట్టుకుంది. "తిప్పితే అమ్మ కనపడదు."

బండి ఆపాను. వెనకాల టైర్ల లోడు ట్రాలీ వచ్చి హారన్ కొడుతోంది. అరుగుల మీద పిల్లల మొహాలు ఎర్రబడ్డాయి. బండి తిరగడం లేదు, వాళ్లు వదల్లేరు. కోటి వాళ్ల వంక చూసింది, వాళ్లమ్మ వంక చూసింది, నా పొట్ట మీద చెయ్యి ఇంకా గట్టిగా ఆనించింది.

"ఇంకోసారి చెప్పు" అంది.

పీల్చాను. ఆ పెద్దాయన పేరు మళ్లీ మొదట్నుంచీ చెప్పాను.

"ఇంకోసారి."